కుడి సీటు

రైలింజన్ క్యాబిన్‌లో రెండు సీట్లుంటాయి. మన దగ్గర సిగ్నళ్ళు మామూలుగా పట్టాలకు ఎడమవైపు ఉంటాయి కనుక బండి నడిపే లోకో పైలట్ ఎడమ సీట్లో కూర్చుంటారు. కుడి సీటు అసిస్టెంట్ లోకో పైలట్‌ది. ఇంజను మీద ఉద్యోగానికి వచ్చినవాళ్ళెవరైనా మొదట కూర్చునేది అక్కడే. వేగం పెంచే మీట, బ్రేకు హ్యాండిళ్ళు ఎడమవైపు బల్ల మీద ఉంటాయి. కుడివైపున చేతికందేంతలో ఒక అత్యవసర బ్రేకు వాల్వు ఉంటుంది. ఇంజనువాళ్ళు దాన్ని ఆరెస్ వాల్వు అంటారు. ఎదురుగా ఎర్ర సిగ్నల్ ఉండి, పక్కనున్న పెద్దాయన బండిని అదుపు చేయకపోతే, ఆ వాల్వు తెరవడం అసిస్టెంట్ డ్యూటీ. తెరిచాడంటే నాలుగైదు వేల టన్నుల గూడ్సుబండి ఆగాల్సిందే.

కొత్త ఉద్యోగికి స్వాగతమంటే ఈమధ్య మాదాపూర్ ఆఫీసుల్లో ఒక సంచీ, ఒక టీషర్టు, పేరు రాసిన మగ్గు. తప్పేమీ లేదు, అదొక మర్యాద. అయితే నిన్నగాక మొన్న చేరిన మనిషి చేతికి, పాతికేళ్ళ సర్వీసున్న పెద్దాయన పనిని నిమిషంలో ఆపే సాధనం ఇచ్చే కొలువులు ఎన్నుంటాయి? ఇవ్వడం పెద్ద విషయం కాదు. ఆ చెయ్యి అనవసరంగా కదలకుండా, కదలాల్సిన క్షణంలో మొహమాటపడకుండా తయారు చేయడంలోనే ఉంది పనితనమంతా. రైల్వే ఆ పని చేసే తీరును భాగం భాగంగా విప్పి చూస్తే, ఎన్నో ఏళ్ళు, ఎన్నో ప్రమాదాలు, ఎన్నో విచారణలు కలిసి దిద్దిన పని అని తెలుస్తుంది.

మొదటి మెట్టు కళ్ళు. రైల్వే వైద్యపరీక్షల్లో అసిస్టెంట్ లోకో పైలట్‌కు పెట్టే శ్రేణి పేరు ఏ-1. ఉన్న శ్రేణుల్లో అన్నిటికంటే కఠినమైనది. రెండు కళ్ళకూ కళ్ళజోడు లేకుండా 6/6 చూపు ఉండాలి. చూపు సరిచేసే లేసిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళను తీసుకోరు. రంగుల గుర్తింపుకు రెండు పరీక్షలున్నాయి. ఒకటి చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే ఇషిహారా పలకలు. రెండోది చీకటిగదిలో ఎడ్రిడ్జ్-గ్రీన్ లాంతరు. ఈ లాంతరుకు వేర్వేరు రంగుల అద్దాలు, వేర్వేరు సైజుల రంధ్రాలు ఉంటాయి. రంధ్రం చిన్నదయ్యే కొద్దీ వెలుగు దూరపు సిగ్నల్‌లా చిన్న చుక్క అవుతుంది. ఆ చుక్క ఏ రంగో చెప్పాలి. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంకో రంగు ఉండదు. రాత్రి పట్టాల మీద కూడా అంతే కదా, దూరాన ఒక్క దీపమే కనిపిస్తుంది. రాత్రి చూపు, రెండు కళ్ళూ కలిసి పనిచేసే తీరు, పక్కచూపు ఎంత వెడల్పుకు అందుతుంది అన్నవాటితో పాటు సంజవెలుతురులో చూపును కూడా విడిగా పరీక్షిస్తారు. పొద్దు గుంకే వేళ, పూర్తి చీకటీ కాని, పూర్తి వెలుగూ కాని ఆ అరగంటను వేరుగా లెక్కలోకి తీసుకున్నారంటే, ఈ పరీక్ష నియమాలు రాసినవాళ్ళు ఇంజను మీద నిలబడి రాశారనిపిస్తుంది.

ఉద్యోగం వచ్చాక కూడా ఈ పరీక్ష వదలదు. 45 ఏళ్ళ వరకు నాలుగేళ్ళకోసారి, 55 వరకు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏటేటా చూస్తారు.

కళ్ళ తర్వాత బుర్ర. రెండు రాతపరీక్షలు దాటినవాళ్ళకు కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ టెస్టు ఉంటుంది. దీని వెనక లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్డీఎస్ఓ మనస్తత్వ విభాగం పని ఉంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దూరాల అంచనా, గబుక్కున పోల్చి గుర్తించడం, చెప్పినట్టు చేయడం వంటివి ఇందులో వేర్వేరు అంగాలు. ప్రతి అంగంలోనూ విడివిడిగా కనీసం 42 టీ-స్కోరు రావాలి. ఒకదాంట్లో ఎక్కువ తెచ్చుకుని ఇంకోదాంట్లో లోటు పూడ్చుకోవడం కుదరదు. ఏ వర్గానికీ సడలింపు లేదు. మొత్తం మార్కులు కూడి సగటు తీయడం మన చదువుల అలవాటు. ఇక్కడ ఆ అలవాటును కావాలనే పక్కన పెట్టారు. జ్ఞాపకం అమోఘంగా ఉండి దూరం అంచనా వేయలేని మనిషి బండిని సగటున ఆపలేడు.

ఇక తరగతి గది. దక్షిణ మధ్య రైల్వేలో శిక్షణ అనగానే గుర్తొచ్చేది మౌలాలి. అక్కడి జోనల్ శిక్షణ సంస్థలోనూ, లోకో షెడ్లను ఆనుకుని ఉండే శిక్షణ కేంద్రాల్లోనూ కొత్తవాళ్ళ చేతికి వచ్చే పుస్తకం ఒకటే: జనరల్ అండ్ సబ్సిడియరీ రూల్స్. 1976 నాటి జనరల్ రూల్స్ దేశమంతటికీ ఒకటే. ఆ రూల్స్ కింద ప్రతి జోనూ తన దారులకు, తన అవసరాలకు రాసుకున్నవి సబ్సిడియరీ రూల్స్. మూడో అధ్యాయం సిగ్నళ్ళది, నాలుగోది బండ్లు నడిపే పద్ధతిది, ఆరోది ప్రమాదాలది, అనుకోని ఘటనలది. రూల్ నంబరు చెబితే విషయం చెప్పాలి, విషయం చెబితే నంబరు చెప్పాలి. బట్టీ అని తీసిపారేయొచ్చు. కానీ రాత్రి రెండు గంటలకు దారి మధ్యలో ఆగిపోయిన బండిలో పుస్తకం వెతుక్కునే తీరిక ఉండదు. ఆ సమయానికి వాక్యం నోటికి రావాలి.

రూల్సుకు సమాంతరంగా ఇంజను పాఠం నడుస్తుంది. అందులో అన్నిటికంటే ముందు అర్థం కావాల్సింది గాలి గొట్టం. బండి పొడవునా, ఇంజను నుంచి చివరి వ్యాగన్ దాకా, బ్రేక్ పైపు ఒకటి సాగుతుంది. అందులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. మామూలు మనిషి అంచనా ఏమిటంటే, గాలి పంపితే బ్రేకు పడుతుందని. నిజానికి జరిగేది తిరగేసి. గొట్టం నిండా గాలి ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. ఒత్తిడి పడిపోతే ప్రతి వ్యాగన్ కిందా ఉన్న సొంత గాలి ట్యాంకు నుంచి బ్రేకు సిలిండర్‌లోకి గాలి పోయి చక్రాలు పట్టుకుంటాయి. గొట్టం తెగినా, బండి రెండుగా విడిపోయినా, ఎవరూ ఏమీ చేయకుండానే రెండు ముక్కలూ ఆగుతాయి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో కనిపెట్టిన సూత్రం ఇది. నూటయాభై ఏళ్ళు దాటినా మూలం మారలేదు. కుడి సీటు పక్కనున్న ఆరెస్ వాల్వు చేసేదీ ఇంతే: ఆ గొట్టంలో గాలిని బయటికి వదిలేస్తుంది. అంత చిన్న వాల్వు అంత పెద్ద బండిని ఎలా ఆపుతుందో ఈ పాఠం అయ్యాక కొత్తవాళ్ళకు తెలిసిపోతుంది. ఆపే బలమంతా ఎప్పటినుంచో వ్యాగన్ల కిందే కాచుకుని ఉంది. వాల్వు దానికి దారి ఇస్తుంది.

ఈ గొట్టం గురించే ఇంకో ముక్క. ఇంజను బండికి తగిలించేటప్పుడు కిందికి దిగేది అసిస్టెంటే. కప్లర్ సరిగా పడిందా అని చూడాలి. రెండు గొట్టాలు, అంటే బ్రేక్ పైపు, దానికి తోడుగా 6 కిలోల ఒత్తిడితో ఉండే ఫీడ్ పైపు, కలపాలి. వాటి యాంగిల్ కాక్‌లు తెరవాలి. ఒక్క కాక్ మూసి ఉండిపోతే దాని వెనకున్న వ్యాగన్లకు పైలట్ వేసే బ్రేకు అందదు. ఇంజనులో మీటర్ మాత్రం నిక్షేపంగా 5 కిలోలు చూపిస్తుంది. అందుకే కంటిన్యుటీ పరీక్ష పెట్టారు. పైలట్ ముందు ఒత్తిడి కొంచెం తగ్గిస్తారు. ఆరు వందల మీటర్లకు పైగా వెనక, బ్రేక్ వ్యాన్‌లో ఉన్న ట్రైన్ మేనేజర్ (2022 దాకా గార్డు) తన మీటర్ కూడా తగ్గిందో లేదో చూసి వాకీటాకీలో చెబుతారు. తగ్గితేనే గొట్టం మొదటి నుంచి చివర దాకా ఒకటే. ముందున్న మీటరును నమ్మడం మానేసి వెనకున్న మనిషిని అడగడం ఇందులోని తెలివి.

శిక్షణ ముగిశాక కొత్తవాళ్ళు మొదటిసారి డ్యూటీకి వచ్చే చోటు క్రూ లాబీ. కాజీపేటలోనైనా విజయవాడలోనైనా పద్ధతి ఒకటే. పైలట్, అసిస్టెంట్ సైన్ ఆన్ చేస్తారు. వేలిముద్ర, దాంతో పాటు మద్యం పరీక్షకు ఊపిరి ఊదడం. యాభై ఐదేళ్ళ మెయిల్ పైలట్ ఊదాల్సిన గొట్టంలోనే కొత్త కుర్రాడూ ఊదాలి. ఆ తర్వాత కాషన్ ఆర్డర్. దారిలో ఏయే కిలోమీటరు దగ్గర పట్టాల పని జరుగుతోంది, ఎక్కడ ఎంత వేగం మించకూడదు అన్న కాగితం అది. ఏ ఆంక్షా లేకపోయినా 'ఏమీ లేదు' అని రాసి ఇచ్చే కాగితం వేరే ఉంది. కాగితం రాలేదంటే ఆంక్షలు లేవనుకునే వీలు లేకుండా చేశారన్నమాట. పెట్టెలో ఎర్రజెండా, పచ్చజెండా, మూడు రంగుల టార్చి, పట్టాల మీద పెట్టి పేల్చే డిటొనేటర్లు సరిచూసుకుని ఇంజను ఎక్కుతారు.

బండి కదిలిన దగ్గర్నుంచి అసలు సంగతి మొదలవుతుంది. బొగ్గు ఇంజన్ల కాలంలో కొత్తవాడికి చేతినిండా పని ఉండేది. క్లీనర్‌గా చేరి ఇంజను తుడిచి, ఫైర్‌మన్ అయి ఏళ్ళ తరబడి పారతో బొగ్గు వేసి, ఆ వేడిలోనే దారి నేర్చుకుని డ్రైవరయ్యేవాళ్ళు. కరెంటు ఇంజను వచ్చి ఆ చేతుల పని చాలావరకు తీసేసింది. కుడి సీట్లో మిగిలిన ప్రధానమైన పనిముట్లు కళ్ళూ గొంతూ. జనరల్ రూల్ 3.83 వాటికే పని చెబుతుంది. బండికి సంబంధించిన ప్రతి సిగ్నల్‌నూ, కనబడిన వెంటనే, ఇద్దరూ గుర్తించి ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి.

వినడానికి చాలా చిన్న విషయం.

"డిస్టెంట్ డబుల్ ఎల్లో, సార్."

"డబుల్ ఎల్లో."

కాసేపటికి, స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ దగ్గర, "హోమ్ ఎల్లో, లూప్ లైన్‌కి రూట్ పడింది."

"హోమ్ ఎల్లో, లూప్ లైన్."

చెబుతూ చెయ్యి చాచి సిగ్నల్ వైపు చూపిస్తారు. జపాన్ రైల్వేలో చూపుడువేలితో చూపిస్తూ పైకి చెప్పే అలవాటు ప్రపంచమంతా ఎరిగినదే. మన క్యాబిన్‌లో అదే పని ఇద్దరి మధ్య సంభాషణగా జరుగుతుంది. ఇందులో కిటుకంతా క్రమంలో ఉంది. ఒకరు చెప్పింది విని రెండోవారు తిరిగి అనడం కాదు నియమం. తమ కళ్ళతో చూసి అనాలి. అలా చేస్తేనే రెండు జతల కళ్ళు పనిచేసినట్టు. లేకపోతే ఒక జత కళ్ళు, రెండు నోళ్ళు. సగం నిద్రలో "ఎల్లో" అన్నవాడికి "ఎల్లో" అని వంతపాడటం ఎంత తేలికో ఇంజనువాళ్ళకు బాగా తెలుసు. క్యాబిన్‌లో వెనక నిలబడి ప్రయాణించే లోకో ఇన్‌స్పెక్టరు చెవులు రిక్కించేది ఆ వంతపాట కోసమే. సిగ్నల్ కనిపించడానికీ మాట బయటికి రావడానికీ మధ్య ఎడం, మాటకూ జవాబుకూ మధ్య ఎడం, ఈ రెండింటినీ బట్టి ఎవరు చూసి చెబుతున్నారో, ఎవరు విని చెబుతున్నారో పసిగడతారు.

నాకు ఈ రూల్‌లో ఎక్కువ నచ్చేది దాని రెండో ప్రయోజనం. పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు. మన ఇళ్ళలో పిల్లలకు మొదట నేర్పేది పెద్దల మాటకు అడ్డు చెప్పొద్దని. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, పక్కన తండ్రి వయసు మనిషి. ఆయన పొరపాటు పడ్డారని తెలిసినా నోరు పెగలడం కష్టం. విమానాల్లో కూడా కో-పైలట్లు కెప్టెన్‌కు చెప్పలేక ఊరుకోవడం వల్ల కూలిన సందర్భాలున్నాయి. ఆ మొహమాటాన్ని ఉపన్యాసంతో పోగొట్టలేం. స్టేషన్‌కు నాలుగైదు సిగ్నళ్ళు లెక్కేసుకున్నా, కాజీపేట నుంచి విజయవాడ దాకా సుమారు 200 కిలోమీటర్ల దారిలో వంద దాకా వస్తాయి. ఒక్క ట్రిప్పులో అన్నిసార్లు గొంతెత్తి చెప్పి, అన్నిసార్లు పెద్దాయన చేత జవాబు చెప్పించుకున్నవాడికి, నూటొకటోసారి "సార్, రెడ్!" అనడానికి కొత్తగా ధైర్యం తెచ్చుకోవాల్సిన పని ఉండదు. గొంతు అప్పటికే తెరుచుకుని ఉంటుంది. జవాబు రాకపోతే ఏదో తేడా ఉందని కూడా వెంటనే తెలుస్తుంది. ఆరెస్ వాల్వు దాకా చెయ్యి వెళ్ళాల్సిన అరుదైన క్షణానికి రోజూ జరిగే రిహార్సల్ ఇది.

తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య కళ్ళు మూతలు పడే వేళ ఈ మాటలే ఇద్దరినీ లేపి ఉంచుతాయి. ఎడమవైపు బల్లకు దీనికి తోడుగా విజిలెన్స్ యంత్రం ఉంది. పైలట్ అరవై సెకన్లపాటు ఏ మీటా కదపకపోతే దీపం వెలుగుతుంది. ఇంకో ఎనిమిది సెకన్లకు బజర్ మోగుతుంది. మరో ఎనిమిది సెకన్లకు బ్రేకు అదంతట అదే పడుతుంది. యంత్రానికి మనిషి మెలకువగా ఉన్నాడా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. సరిగ్గా చూశాడా లేదా అన్నది కుడి సీటుకు తెలియాలి.

గొంతు సిద్ధమయ్యాక దారి నేర్చుకోవాలి. ఇంజనువాళ్ళ వాడుకలో దీన్ని ఎల్ఆర్ అంటారు, లెర్నింగ్ రోడ్. నియమం ప్రధానంగా లోకో పైలట్‌కు పెట్టింది. కొత్త సెక్షన్ మీద బండి తీసే ముందు ఆ దారి తెలిసినవాళ్ళ పక్కన ప్రయాణించి చూడాలి. మామూలు సెక్షన్‌కు మూడు ట్రిప్పులు, వాటిలో ఒక్కటైనా రాత్రిపూట. ఘాట్ దారులకు, ఆటోమేటిక్ సిగ్నళ్ళ దారులకు లెక్క వేరు. చూశాక దారి తెలిసిందని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడని దారిలో బండి అప్పగించరు. అసిస్టెంట్లు కుడి సీట్లో కూర్చుని రోజూ నేర్చుకునేది ఈ విద్యే. పైలటయ్యే నాటికి సగం దారులు వాళ్ళకు కంఠతా వచ్చి ఉంటాయి.

దారి నేర్చుకోవడమంటే ఏం నేర్చుకోవడం? పట్టాలు ఎలాగూ పట్టుకుపోతాయి కదా, తిప్పడానికి స్టీరింగు కూడా లేదాయె. లోడు గూడ్సుబండి బ్రేకు వేసిన చోట ఆగదు, చాలా దూరం పోయి ఆగుతుంది. కనుక పైలట్ కనిపించే దాన్ని బట్టి కాక, ఇంకా కనిపించని దాన్ని బట్టి నడపాలి. వంపు తిరిగాక సిగ్నల్ ఏ కొమ్మ చాటున ఉంటుంది, ఏ స్టేషన్‌లో హోమ్ సిగ్నల్ దగ్గర దారి ఎత్తెక్కుతుంది, ఏ సిగ్నల్ దగ్గర ఆగితే లోడుతో మళ్ళీ కదలడం కష్టం, ఇవన్నీ తలలో ఉండాలి. దారి పక్కన అదొక లిపి నడుస్తుంటుంది, కొత్తవాళ్ళు దాన్ని చదవడం నేర్చుకోవాలి. కరెంటు స్తంభాల మీద 345/12 అని ఉంటే అది 345వ కిలోమీటరులో 12వ స్తంభం. డబుల్ లైన్‌లో ఒక పక్క సరిసంఖ్యలు, ఇంకో పక్క బేసిసంఖ్యలు. పొగమంచులో ఎక్కడున్నామో చెప్పే చిరునామా అదే. గేటు ముందు కూత వేయమనే బోర్డు ఉంటుంది. వేగం ఆంక్ష ముగిసే చోట ప్యాసింజరుకు టి/పి, గూడ్సుకు టి/జి అని రెండు బోర్డులు వేర్వేరు దూరాల్లో ఉంటాయి. ఇంజను ఆంక్ష దాటితే సరిపోదు, చివరి పెట్టె కూడా దాటాలి. గూడ్సు పొడవు ఎక్కువ గనుక దాని బోర్డు ఇంకా ముందుకు పోయి ఉంటుంది. వెనక్కి తిరిగి చూడకుండానే తోక ఎక్కడుందో చెప్పే బోర్డులివి.

న్యూట్రల్ సెక్షన్ అనేది మరో పాఠం. పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి వేర్వేరు ఫేజుల్లో వస్తుంది. రెండు ఫేజులు కలవకుండా మధ్యలో కరెంటు లేని చిన్న తుంట వదులుతారు. అక్కడికి 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు. తుంట రాకముందే ఇంజనులోని ప్రధాన స్విచ్చు, ఇంజనువాళ్ళ మాటలో డీజే, తెరవాలి. ఊపు మీద దాటాక మళ్ళీ వేయాలి. ఊపు చాలక, తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ సరిగ్గా ఆ తుంట కింద ఆగిందా, వేల గుర్రాల బలమున్న ఇంజను తనను తాను కదుపుకోలేదు. ముందు సిగ్నల్ పసుపు చూపిస్తుంటే తుంట దాటే వేగం ఉంచుకుంటూనే ఎర్రకు ఆగగలగాలి. ఇక్కడ కుడి సీటు బోర్డులను ముందుగా పైకి చెబుతుంది, ఎడమ సీటు లెక్క వేస్తుంది.

దారి విద్య పరాకాష్ఠ చూడాలంటే కొత్తవలస-కిరండూల్ లైన్ ఎక్కాలి. 1960లలో బైలదిల్లా ఇనుపఖనిజం కోసం అనంతగిరి కొండల మీదుగా వేసిన దారి. యాభైకి పైగా సొరంగాలు, 60 మీటర్లకు ఒక మీటరు వాలు. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. అరకు వెళ్ళే పర్యాటకులకు అది కిటికీలోంచి చూసే వినోదం. ఇంజనువాళ్ళకు సంగతి వేరు. ఖాళీ బండ్లు కొండెక్కుతాయి, ఖనిజం నిండిన బండ్లు విశాఖ వైపు దిగుతాయి. అంటే ఇక్కడ లాగడం కంటే పట్టి ఉంచడం కష్టం. గాలి బ్రేకునే నమ్ముకుని వేస్తూ వదులుతూ పోతే వ్యాగన్ల కింది ట్యాంకులు నిండే వ్యవధి దొరకదు. అందుకే ఇంజను మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగాన్ని పట్టే విద్యుత్ బ్రేకును ఎక్కడ మొదలుపెట్టాలి, దానికి గాలి బ్రేకు ఎక్కడ జోడించాలి అన్నది మలుపు మలుపుకూ నేర్చుకోవాలి. ఈ విద్యను తరగతిలో చెప్పొచ్చు, సిమ్యులేటర్ మీద చూపించొచ్చు. కానీ వెనక బరువు తోస్తున్నప్పుడు నడుముకు తెలిసే తోపు మాత్రం కుడి సీట్లో కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇక అనుకోనిది జరిగినప్పుడు. బండి పట్టాలు తప్పి పక్క లైనుకు అడ్డం పడితే అసిస్టెంట్ చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని మాత్రం మెదడుతో కాక కాళ్ళతో నేర్పాలి. పైలట్ ఇంజను మీద ఫ్లాషర్ దీపం వెలిగిస్తారు. అసిస్టెంట్ ఎర్రజెండా, రాత్రయితే ఎర్రదీపం చూపిస్తూ పక్క లైనులో ఎదురు పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటొనేటర్, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పెట్టాలి. ఎదురుగా వచ్చే బండి చక్రం వాటి మీద ఎక్కగానే పేలుతాయి. జెండా కనిపించకపోయినా పేలుడు వినిపిస్తుంది. అప్పుడే జరిగిన ప్రమాదంలోంచి దిగిన మనిషి, ఒంటిమీద దెబ్బలు చూసుకోకుండా, తన బండిని వదిలేసి తనకు తెలియని బండి కోసం కిలోమీటరుకు పైగా పరుగెత్తాలని ఈ రూలు అడుగుతోంది. కొలతలు అంత ఖచ్చితంగా ఉండటానికి కారణం ఉంది. ఆ స్థితిలో ఎవరికీ ఆలోచన పనిచేయదు, అంకెలు మాత్రమే గుర్తుంటాయి.

ఇంత జాగ్రత్తగా మనిషిని తయారుచేసుకునే సంస్థ ఆ మనిషి సౌఖ్యం దగ్గర ఏళ్ళ తరబడి అలసత్వం చూపిందనీ చెప్పాలి. మే నెలలో నిప్పుల కొలిమిలా ఉండే క్యాబిన్లకు ఏసీలు, ఇంజన్లలో మూత్రశాలలు ఈమధ్యనే విరివిగా రావడం మొదలైంది. విశ్రాంతి గంటల మీద సిబ్బంది సంఘాల పోరాటం ఇంకా సాగుతూనే ఉంది. కుడి సీట్లోకి అమ్మాయిలు పెద్దసంఖ్యలో వస్తున్న ఈ రోజుల్లో ఆ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనబడుతోంది. సంజవెలుతురును కూడా లెక్కలోకి తీసుకున్న నియమాలు మనిషి ఒంటి అవసరాన్ని మర్చిపోవడం విచిత్రమే.

ఆ సీటుకు సాంకేతికంగా మరో తోడు వస్తోంది. వికారాబాద్ చుట్టుపక్కల దారుల్లోనే తొలి ప్రయోగాలు జరుపుకున్న కవచ్ వ్యవస్థ ముందున్న సిగ్నల్ రంగును క్యాబిన్‌లోని తెర మీదే చూపిస్తుంది. పైలట్ పొరపడితే తానే బ్రేకు వేస్తుంది. 2022 మార్చి 4న గుళ్ళగూడ-చిటిగిడ్డ స్టేషన్ల మధ్య ఎదురెదురుగా వచ్చిన రెండు ఇంజన్లలో ఒకదాన్ని అది 380 మీటర్ల ముందే ఆపింది. రైల్వే మంత్రి ఒక ఇంజనులోనే ఉన్నారు. అయినా కవచ్ ఉన్న ఇంజన్లలోనూ ఇద్దరూ సిగ్నళ్ళు పైకి చెప్పుకోవడం ఆపలేదు. తెర మీద రంగుతో బయటి రంగును పోల్చి చూసే పని ఒకటి అదనంగా చేరింది, అంతే.

కుడి సీటు నుంచి ఎడమ సీటుకు దూరం రెండడుగులే. ఆ రెండడుగులు వేయడానికి ఏళ్ళు పడుతుంది. సీనియర్ అసిస్టెంట్, షంటర్, గూడ్స్, ప్యాసింజర్, మెయిల్ ఎక్స్‌ప్రెస్, ఇలా మెట్లున్నాయి. ఉదాహరణకు, సెంట్రల్ రైల్వేలో 1989లో సహాయ డ్రైవరైన సురేఖా యాదవ్ గూడ్సుబండి నడిపింది 1996లో, డెక్కన్ క్వీన్ ఎక్స్‌ప్రెస్ నడిపింది 2011 మార్చి 8న. ప్రతి మెట్టు దగ్గరా మళ్ళీ శిక్షణ, మళ్ళీ పరీక్ష, మళ్ళీ లోకో ఇన్‌స్పెక్టరు క్యాబిన్‌లో నిలబడి చూడటం ఉంటాయి. పైకి వెళ్ళినా పాత దారి మీద హక్కు శాశ్వతం కాదు. జబ్బుపడో, ఇంకో సెక్షన్‌లో పనిచేసో మూడు నెలలకు మించి ఒక దారికి దూరమైతే ఆ దారి తెలిసినట్టు పెట్టిన సంతకం చెల్లదు. ఎంతకాలం దూరమయ్యారో దాన్ని బట్టి ఒకటి నుంచి మూడు ట్రిప్పులు వేరే పైలట్ బండిలో వెళ్ళి చూసిరావాలి. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మెయిల్ పైలట్‌కైనా ఇందులో మినహాయింపు లేదు. ఆ ట్రిప్పుల్లో ఎడమ సీట్లో ఉన్నది వయసులో ఎంత చిన్నవాడైనా, బండి అతనిదే.